స్వదేశమున అతిథి: చిప్స్ రాఫర్టీ నటజీవితము

ఒక జాతి తన ముఖమును తాను చూచుకొనుటకు అద్దము వలయును. పూర్వకాలమున ఆ పనిని కావ్యమును నాటకమును నిర్వహించుచుండెడివి. ఇరువదవ శతాబ్దమున ఆ భారము చాలవరకు చలనచిత్రముపై బడినది. అద్దము పరులదైనచో అందు గనుపించు ముఖము మనదే కావచ్చును; కాని దానిని ఎప్పుడు చూపవలెనో, ఏ వైపునుండి చూపవలెనో, ఎప్పుడు దించి మూలబెట్టవలెనో నిర్ణయించువాడు ఆ అద్దమునకు యజమానియే. ఈ సత్యమునకు ఆస్ట్రేలియా నటుడు చిప్స్ రాఫర్టీ జీవితమును మించిన నిదర్శనము దొరకుట అరుదు. ముప్పదియేండ్లకు పైగా అతడు తెరపై నిలిచెను. ఒకానొక కాలమున ఆస్ట్రేలియనుడనగా లోకమునకు అతని రూపమే స్ఫురించెడిది. అయినను తన దేశమున చిత్రపరిశ్రమ వేరూనకపోవుటచే, ఆ నటజీవితమున ఉత్తరార్ధమంతయు పరులు తీసిన చిత్రములలో చిన్న వేషములు ధరించుటతోనే గడచిపోయెను.

ఆస్ట్రేలియాకు ఈ కళ అలవడలేదని యెవరైన తలచినచో అది పొరపాటు. 1906 డిసెంబరులో మెల్‌బోర్ను నగరమున ప్రదర్శింపబడిన ‘ది స్టోరీ ఆఫ్ ది కెల్లీ గ్యాంగ్’ గంటకు పైబడిన నిడివిగల కథాచిత్రము. అంతటి దీర్ఘమైన కథాచిత్రములలో ప్రపంచమున అదియే మొదటిదని చరిత్రకారులు చెప్పుదురు. 2007లో యునెస్కో సంస్థ దానిని ప్రపంచ స్మృతిపట్టికలో చేర్చినది. మన ఫాల్కే ‘రాజా హరిశ్చంద్ర’ను ప్రదర్శించినది 1913లో గదా! ఇంత ముందుగా మొలకెత్తిన చెట్టు ఏల యెదుగలేదు? కారణము కళాలోపము గాదు, వర్తకము. అమెరికా నిర్మాత తన చిత్రమునకైన వ్యయమును చాలవరకు స్వదేశ ప్రేక్షకులనుండియే రాబట్టుకొనును. పిమ్మట విదేశములకు పంపు ప్రతులపై వచ్చునది మిక్కిలి భాగము లాభమే గనుక వాటిని చౌకగా నీయగలడు. కొద్ది జనసంఖ్యగల ఆస్ట్రేలియాలో తీసిన చిత్రమో, ఆ దేశపు సినిమాహాళ్లనుండియే పెట్టుబడి తెచ్చుకొనవలెను. ఆ హాళ్లన్నియు విదేశ పంపిణీదారులతో ముందుగనే ఒడంబడికలు చేసికొని, వారి చిత్రములతో నిండియుండెడివి. ఈ పోటీకి తాళి సినీసౌండ్ అను సిడ్నీ సంస్థ 1932 మొదలు 1940 వరకు పదునేడు కథాచిత్రములను నిర్మించెను. యుద్ధము రాగా అదియు కథాచిత్రములను విరమించి వార్తాచిత్రములకు మరలెను. ఆ వరుసలో చివరిదైన ‘డాడ్ రడ్, ఎం.పి.’ (1940) అను చిత్రమున ఒక చిన్న వేషము ధరించినవాడే మన రాఫర్టీ. సంస్థ తలుపులు మూయుచున్న వేళ అతడు గడప యెక్కినాడు.

అతని అసలు పేరు జాన్ విలియం గాఫేజ్. 1909 మార్చి 26వ తేదీన న్యూ సౌత్ వేల్స్ పశ్చిమ ప్రాంతమునందలి బ్రోకెన్ హిల్ అను గనుల పట్టణమున జన్మించెను. వెండి, సీసము, తుత్తునాగము త్రవ్వితీయు ఊరది. చుట్టును ఎండిన బయలు. ‘చిప్స్’ అనునది బాల్యమున వచ్చిన ముద్దుపేరు. నటుడు కాకపూర్వము గొఱ్ఱెల ఉన్ని కత్తిరించుట, పశువులను తోలుట మున్నగు పలు వృత్తులలో జీవించెను. నటనావిద్యను ఏ గురువునొద్దను అభ్యసింపలేదు. ఆరడుగులను బాగుగ మించిన సన్నని దేహము, ఎండకు కమిలిన ముఖము, తొందర యెరుగని నడక, సాగదీసి పలుకు మాట. ఇవియే అతని మూలధనము. నాటకశాలలోని నటుడు కష్టపడి సంపాదింపవలసిన సహజత్వము ఇతనికి బ్రతుకుతెరువు నేర్పిన విద్య.

ఆ సహజత్వమును గుర్తెరిగి వాడుకొన్న దర్శకుడు చార్లెస్ షోవెల్. ‘ఫార్టీ థౌజండ్ హార్స్‌మెన్’ (1940) అను చిత్రము 1917 అక్టోబరు 31వ తేదీన పాలస్తీనాలోని బీర్షెబా యొద్ద ఆస్ట్రేలియా అశ్వదళము గావించిన దాడిని వర్ణించునది. ఆ దళములు ఏ సేనానియొక్క ఆజ్ఞకు లోబడియుండెనో ఆ హ్యారీ షోవెల్ ఈ దర్శకునకు పినతండ్రి వరుస. ముగ్గురు మిత్రులలో ఒకడుగా, హాస్యము పలికించు సైనికుడుగా రాఫర్టీ అందు కనిపించి ప్రేక్షకుల మనసు దోచుకొనెను. 1941లో వైమానికదళమున చేరి, కొలువు చేయుచునే చిత్రములలోను నటించెను. 1944లో వచ్చిన ‘ది రాట్స్ ఆఫ్ టోబ్రుక్’ను గూడ షోవెలే తీసెను. 1941లో టోబ్రుక్ ముట్టడిని భరించిన రక్షకదళములలో భారతీయ సైనికులును గలరను విషయము మన పాఠకులు మరువదగనిది. తెరపై మాత్రము ఎవరి చిత్రము వారి కథనే చెప్పును. ఎవరికి చిత్రము లేదో వారి కథ చెప్పబడదు.

యుద్ధకాలమున ఆస్ట్రేలియా కృషిని లోకమునకు చూపవలెనని ఆ ప్రభుత్వము కోరగా బ్రిటనులోని ఈలింగ్ సంస్థ హ్యారీ వాట్ అను దర్శకుని అచ్చటికి పంపెను. 1942లో జపాను దండయాత్ర జరుగునను భయముతో ఉత్తరప్రాంతపు పశువుల మందలను వందలకొలది మైళ్లు తోలుకొని దక్షిణమునకు చేర్చిన వృత్తాంతము వాట్ దృష్టి కెక్కినది. అదియే ‘ది ఓవర్‌లాండర్స్’ (1946). పశుపాలకుల నాయకుడైన డాన్ మెక్‌ఆల్పైన్ పాత్రను రాఫర్టీ ధరించెను. అందు ప్రేమకలాపము స్వల్పము, యుద్ధరంగము లేదు, ధూళియు, దాహమును, మందయు, నోరు మెదపక పని చక్కబెట్టు నాయకుడును మాత్రమే. బ్రిటనులో ఆ చిత్రము ఘనవిజయము పొందెను. ఈలింగ్‌వారు అతనిని ఇంగ్లండుకు పిలిపించి ‘ది లవ్స్ ఆఫ్ జొయాన్నా గాడెన్’ (1947)లో నటింపజేసిరి. పిదప మరల ఆస్ట్రేలియాలో ‘యురేకా స్టాకేడ్’ (1949) తీసిరి. 1854లో బల్లారట్ బంగారుగనుల కూలీలు లైసెన్సు పన్నునకు ఎదురుతిరిగి కంచెకట్టి పోరాడిన కథ యది. తిరుగుబాటు నాయకుడు పీటర్ లేలర్‌గా రాఫర్టీ నటించెను. ఆ చిత్రమునకు ఆశించిన ఆదరణ లభింపలేదు. ‘బిటర్ స్ప్రింగ్స్’ (1950) తరువాత ఈలింగ్ సంస్థ ఆ దేశమున వరుసగా చిత్రములు తీయు ప్రయత్నమును మానుకొనెను.

ఇచ్చట పాఠకులు గమనింపవలసినది యొకటి గలదు. ఆస్ట్రేలియా భూమి, ఆస్ట్రేలియా కథ, ఆస్ట్రేలియా నటుడు. కాని చిత్రము ఆంగ్లేయులది. లాభము వచ్చినంతకాలము వారుందురు, రానినాడు మూట గట్టుకొని పోవుదురు. ఇందు వారి దోషము లేదు, వర్తకధర్మము అట్టిది. తరువాత అమెరికావారు వచ్చిరి. ఫాక్స్ సంస్థ ఆస్ట్రేలియాలో గడించిన సొమ్ము నాటి ద్రవ్యనిబంధనలవలన దేశము దాటిపోలేక చిక్కుకొనియుండెను. ఆ సొమ్మును ఖర్చుపెట్టుటకు ‘కాంగరూ’ (1952) అను చిత్రమును దక్షిణ ఆస్ట్రేలియాలో తీసిరి. దర్శకుడు లూయిస్ మైల్‌స్టోన్, ప్రధానపాత్రలు మొరీన్ ఓహారా, పీటర్ లాఫర్డులవి. రాఫర్టీ పోలీసు వేషము ధరించెను. ఆ మరుసటి యేట వచ్చిన ‘ది డెజర్ట్ రాట్స్’లో మరల టోబ్రుక్ కథ, కాని ఈసారి ఆ ఎడారి కాలిఫోర్నియాలో నెలకొల్పబడెను, నాయకుడు రిచర్డ్ బర్టన్. తన జాతి వీరగాథలో తానొక ఉపపాత్ర యయ్యెను.

ఇట్టి స్థితిలో ఇతర నటులు చేసిన పని దేశమును విడుచుట. ‘టోబ్రుక్’ చిత్రమున అతనితో నటించిన పీటర్ ఫించ్ 1948లో లండను చేరి మహానటుడుగా పేరొందెను. రాఫర్టీ అట్లు చేయలేదు. స్వదేశమున పరిశ్రమ నిలువవలెనని పట్టుబట్టెను. డాక్యుమెంటరీ చిత్రములు తీసి అనుభవము గడించిన లీ రాబిన్సన్ అను దర్శకునితో కలిసి కంపెనీ స్థాపింప సంకల్పించెను. అడ్డము వచ్చినది ప్రభుత్వమే! నాటి మూలధన నియంత్రణ నిబంధనలలో చలనచిత్రము అనావశ్యక పరిశ్రమగా లెక్కింపబడెను. 10,000 పౌనులకు మించిన పెట్టుబడికి అనుమతి లభింపలేదు. కావున ఆ హద్దునకు దగ్గరగా, సుమారు ఆ సొమ్ముతోనే ‘ది ఫాంటమ్ స్టాక్‌మన్’ (1953)ను ఆలిస్ స్ప్రింగ్స్ ప్రాంతమున ముగించిరి. పిమ్మట ముత్యపుచిప్పలు తీయువారి కథ ‘కింగ్ ఆఫ్ ది కోరల్ సీ’ (1954)ను థర్స్‌డే ద్వీపమున తీసిరి. తదుపరి కాలమున హాలీవుడ్డులో ప్రసిద్ధి కెక్కిన రాడ్ టేలర్‌కు అదియే మొదటి పెద్ద అవకాశములలో ఒకటి. ఫ్రెంచి భాగస్వాములతో న్యూ గినీ కొండలలో రంగుల చిత్రముగా నిర్మించిన ‘వాక్ ఇంటు ప్యారడైజ్’ (1956) అమెరికాలో పేరు మార్చుకొని బాగుగ ధనము తెచ్చెను. కాని అచ్చటి హక్కులు కొనుక్కొన్న వర్తకునకే ఆ ధనము చేరెను.

1956 సెప్టెంబరులో సిడ్నీ నగరమున టెలివిజను ప్రసారము మొదలైనది. సినిమాహాళ్లు వెలవెలబోయినవి. తాహితి ద్వీపమున ఫ్రెంచివారితో కలిసి తీసిన తరువాతి చిత్రములు దెబ్బతినినవి. ఆ దశాబ్దము ముగియునాటికి కంపెనీయు ముగిసెను. రాఫర్టీ స్వార్జితమును అందులో కరగిపోయెను. ఏబదియేండ్ల వయసున అతడు తిరిగి ఇతరుల గుమ్మమున నిలిచెను.

ఇక ఆతని రెండవ జీవితము ప్రారంభమగును. 1960లో ‘ది సన్‌డౌనర్స్’ అను చిత్రము ఆస్ట్రేలియాలోనే తీయబడెను. అందు ఊరూర తిరిగి గొఱ్ఱెల ఉన్ని కత్తిరించు కుటుంబము ప్రధానము. ఆ ఆస్ట్రేలియా దంపతులు ఎవరనగా, అమెరికా నటుడు రాబర్ట్ మిచమ్, బ్రిటిషు నటి డెబొరా కెర్. ఒకనాడు నిజముగ ఉన్ని కత్తిరించి జీవించిన రాఫర్టీకి దొరకినది క్విన్లన్ అను చిన్నపాత్ర. ‘మ్యూటినీ ఆన్ ది బౌంటీ’ (1962)లో ఓడ నావికులలో ఒకడు. ఎల్విస్ ప్రెస్లీ నటించిన ‘డబుల్ ట్రబుల్’ (1967)లో తెలివిమాలిన దొంగ. అమెరికా టెలివిజనులో ‘ది మంకీస్’ వంటి వినోదపరంపరలో ఒకనాటి అతిథి. స్వదేశమున ఒకప్పటి భాగస్వామి రాబిన్సన్ ప్రభృతులు సృష్టించిన ‘స్కిప్పీ’ అను కాంగరూ కథలలోను అతిథియే. మైకేల్ పొవెల్ తీసిన ‘దే ఆర్ ఎ వియర్డ్ మాబ్’ (1966)లో ఇటలీనుండి వలసవచ్చిన యువకుని చూచి కనుబొమ్మలు ముడుచు మామగారి పాత్ర మాత్రము జనులకు మిక్కిలి నచ్చెను. ఆ చిత్రమునకు ఆస్ట్రేలియాలో లభించిన ఆదరణ, మన కథలను మనవారు చూడరను వాదమును పటాపంచలు చేసెను.

ఉపపాత్రధారి వృత్తిని చులుకనగా చూచుట తగదు. నాయకునకు రెండు గంటల కాలము గలదు; తడబడినను సవరించుకొనగలడు. ఉపపాత్రధారికి దొరకునవి నాలుగు నిమిషములు. ఆ నాలుగు నిమిషములలో తన పాత్రకు ఒక యూరు, ఒక వృత్తి, ఒక గతకాలము కలవని ప్రేక్షకుని నమ్మింపవలెను. నమ్మించి, నాయకునకు దారి విడిచి తొలగిపోవలెను. రాఫర్టీ ఈ ధర్మమును ఎరిగినవాడు. టోపీ సవరించుకొను తీరుననే ఒక జీవితమును చూపగలవాడు. కాని ఒక వ్యక్తి నైపుణ్యము వేరు, ఒక జాతి దుస్థితి వేరు. నాయకపాత్రకు అర్హుడైనవాడు ఇష్టపడి చిన్నపాత్ర ధరించుట కళ. స్వదేశమున వేరు గతిలేక ధరించుట దైన్యము.

అతడు మోసిన ఆ జాతిరూపము నిర్దుష్టమా యను ప్రశ్నయు వేసికొనక తప్పదు. గుఱ్ఱమెక్కిన పొడవాటి తెల్లవాడే ఆస్ట్రేలియా యనుట సగము సత్యము. ఆ దేశపు జనులలో అధికసంఖ్యాకులు పట్టణవాసులు, స్త్రీలు సగము, అన్నిటికి మించి, వేల సంవత్సరములనుండి ఆ నేలపై నివసించుచున్న ఆదిమజాతులు గలరు. ‘బిటర్ స్ప్రింగ్స్’ కథ ఈ గాయమును తాకినది. ప్రభుత్వమునొద్ద పత్రము వ్రాయించుకొని భూమిని కొన్న వలసకుటుంబము తీరా వచ్చి చూడగా, అచ్చటి నీటిచెలమపై ఆదిమవాసులు బ్రతుకుచుందురు. పత్రము గలవానిదా భూమి, నీరు త్రాగి పెరిగినవానిదా? ప్రశ్న గొప్పది, కాని చిత్రము దానిని చివర ఒక సులభమైన రాజీతో ముగించెను. ‘ఫాంటమ్ స్టాక్‌మన్’లో సుప్రసిద్ధ ఆదిమవాసి చిత్రకారుడు ఆల్బర్ట్ నమజీరా తన స్వరూపముతోనే కనిపించును, ఆ చిత్రము వచ్చిన నాలుగేండ్లకు గాని ఆ కళాకారునకు పూర్ణపౌరసత్వము రాలేదు. 1967లో జరిగిన ప్రజాభిప్రాయ సేకరణమున నూటికి తొంబదిమందికి పైగా సమ్మతించిన పిదపనే ఆదిమవాసులను జనగణనలో చేర్చుటకు రాజ్యాంగపు అడ్డు తొలగెను. రాఫర్టీ రూపము అబద్ధము కాదు, అసంపూర్ణము. ఏడాదికి ఏబది చిత్రములు తీయు దేశమున ఒక రూపము అసంపూర్ణమైనను మరియొకటి దానిని పూరించును. ఏడాదికి ఒక చిత్రమైన తీయలేని దేశమున ఉన్న ఒక్క రూపమే సమస్తమునకు ప్రతినిధియై కూర్చుండును. పరిశ్రమ లేకుండుటవలన కలుగు నష్టములలో ఇదియు నొకటి.

ఆ రూపమును పరీక్షకు నిలిపినవాడు తుదకు రాఫర్టీయే. కెనెత్ కుక్ 1961లో ప్రకటించిన ‘వేక్ ఇన్ ఫ్రైట్’ నవలను కెనడా దర్శకుడు టెడ్ కాచెఫ్ చలనచిత్రముగా తీసెను. బుందన్‌యబ్బా అను కల్పిత పట్టణమున చిక్కుకొని, త్రాగుడుతోను జూదముతోను పతనమగు ఒక బడిపంతులు కథ యది. చిత్రము తీసిన చోటు బ్రోకెన్ హిల్. అనగా రాఫర్టీ జన్మస్థలమే. అతడు ధరించినది జాక్ క్రాఫర్డ్ అను పోలీసువాని పాత్ర. పూర్వపు చిత్రములలోని నెమ్మది, అదే చిరునవ్వు, అదే ఆదరము. అయితే ఇచ్చట ఆ ఆదరము ఉచ్చు. “ఇంకొక గ్లాసు పుచ్చుకొనుము” అను ఆతిథ్యమును కాదనుటకు వీలులేదు, కాదన్నవాడు పగవాడగును. పంతులును జూదశాలకు దారి చూపువాడును ఈ స్నేహశీలియే. ముప్పదియేండ్లు ఏ సౌహార్దమునకు తాను ప్రతిమగా నిలిచెనో, దాని వెనుకనున్న బలాత్కారమును అతడు గొంతు పెంచక, కన్ను ఎర్రజేయక చూపెను. అతని పాత్రలలో ఇది శ్రేష్ఠమని పలువురి యభిప్రాయము. మా యభిప్రాయమును అదియే.

1971లో అతనికి ఎం.బి.ఇ. బిరుదు లభించెను. ఆ యేడు మే నెలలో కాన్ చిత్రోత్సవమున ‘వేక్ ఇన్ ఫ్రైట్’ ప్రదర్శింపబడెను. అదే నెల 27వ తేదీన, అరువది రెండవ యేట, రాఫర్టీ సిడ్నీలో గుండెపోటుతో మరణించెను. స్వదేశమున ఆ చిత్రము విడుదలయగుటను చూడలేదు. విడుదలయైన పిమ్మటను ఆస్ట్రేలియా జనులు దానిని చేదుమందువలె త్రోసివేసిరి. అతడు దేనికై పదిహేనేండ్లు పోరాడి ఓడెనో అది అప్పుడే మొలకెత్తుచుండెను. 1970లో ప్రభుత్వము చలనచిత్రాభివృద్ధి సంస్థను స్థాపించెను. 1973లో చలనచిత్ర విద్యాలయము, 1975లో చలనచిత్ర కమిషను వచ్చినవి. ‘వేక్ ఇన్ ఫ్రైట్’లోనే తొలిసారి కథాచిత్రమున నటించిన జాక్ థాంప్సన్ వంటి యువకులకు ఆ తరువాతి దశాబ్దమున స్వదేశచిత్రములలోనే నాయకపాత్రలు దొరకినవి. ఒకే చిత్రమున ఒక తరము దిగిపోయెను, మరియొక తరము ఎక్కివచ్చెను.

ఆ చిత్రపు గతి యేమైనదో కూడ చెప్పవలెను. కాలక్రమమున మంచి ప్రతి యొక్కటియు మిగులలేదు. దాని కూర్పరియైన ఆంథొనీ బక్లీ సంవత్సరములకొలది వెదకగా, 2004లో అమెరికాలోని పిట్స్‌బర్గు నగరమున, నాశనము చేయవలసినదని వ్రాసియున్న పెట్టెలలో మూలప్రతి దొరకెను. ఆస్ట్రేలియా జాతీయ భాండాగారమువారు దానికి జీర్ణోద్ధరణము గావించిరి. 2009లో కాన్ నగరమున మరల ప్రదర్శింపబడి, మొదట త్రోసిపుచ్చిన దేశముననే గౌరవము పొందెను.

ఒక జాతి తన శ్రేష్ఠమైన నటుని శ్రేష్ఠమైన వేషమును పరదేశపు గోదామునుండి, చెత్తకుప్పకు పోవుటకు మునుపు, అదృష్టవశమున తెచ్చుకొనవలసి వచ్చినది. అదృష్టము ప్రతిసారి కలసిరాదు. కళాకారులు తమంతట పుట్టుదురు. వారిని నిలుపు సంస్థలను మాత్రము జాతి బుద్ధిపూర్వకముగా, సకాలమున నిర్మింపవలెను. పది వేల పౌనులకు పైన అనుమతి లేదని గీతగీసిన అధికారులు దేశద్రోహులు గారు, లెక్కలు తెలిసినవారే. వారి లెక్కలలో చేరనిదల్లా ఒక మనుష్యుని ఆయుర్దాయము. చలనచిత్రము అనావశ్యకమని వారు నిర్ణయించిన తరువాత అది ఆవశ్యకమని ప్రభుత్వము ఒప్పుకొనుటకు దాదాపు ఇరువదియేండ్లు పట్టెను. ఆ ఇరువదియేండ్లే చిప్స్ రాఫర్టీ నటజీవితములోని ఉత్తమభాగము.